అసల్ ఆండ్రాయిడ్, కంపెనీల లిబాస్

పోయిన రంజాన్‌లో ఒకరోజు అమ్మీకి సహ్రీ తప్పిపోయింది.

ఆమె ఉండేది మసీదు మైకు వినబడని అపార్ట్‌మెంట్‌లో. పాత మొహల్లాలో అయితే సహ్రీ వేళకు ఎవరో ఒకరు తలుపు కొట్టి లేపేవాళ్లు. ఇక్కడ ఆ భరోసా లేదు కాబట్టి నేనే ఆమె ఫోన్‌లో నమాజ్ వేళలు చెప్పే యాప్ పెట్టిచ్చాను. సహ్రీకి ఒకసారి, ఫజర్‌కు ఒకసారి మోగాలి. మొదటి వారం బాగానే మోగింది. ఆ రోజు మోగలేదు. కళ్లు తెరిచేసరికి కిటికీలో వెలుతురు. గుక్కెడు నీళ్లు కూడా తాగకుండానే రోజా ఉండిపోయింది. సాయంత్రం ఇఫ్తార్‌కు నేను వెళ్తే ఫోన్ నా చేతికిచ్చి, "ఇస్కూ క్యా హువా బేటా? కల్ తక్ అచ్ఛాచ్ బోల్రా థా" అంది.

తప్పు యాప్‌దే అనుకున్నాను. కానీ ఆపా ఇంట్లో మా భాంజా ఫోన్‌లో అదే యాప్ ఆ నెలంతా ఒక్కరోజు తప్పకుండా మోగింది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని సెట్టింగ్స్ తెరిచాను. రెండింట్లోనూ ఆండ్రాయిడ్ 13. ధర దాదాపు ఒకటే. యాప్ ఒకటే. తేడా ఒక్కటే కనబడింది: ఫోన్ చేసిన కంపెనీ వేరు. ఆండ్రాయిడ్ మీద ఆ కంపెనీ తొడిగిన లిబాస్ వేరు. కొద్దిరోజులుగా ఎవరూ తెరవని యాప్ బ్యాటరీ తాగేస్తోందని అమ్మీ ఫోన్‌లోని ఆ పైపొర తనంతట తానే తీర్మానించి, దాన్ని ఆపేసింది. అజాన్ ఇచ్చే యాప్‌ను రోజూ తెరిచి చూసేదెవరు? మోగడమే కదా దాని పని!

కంపెనీ పేరు రాయను. ఈ అలవాటు ఒక్కరిది కాదు. కానీ ఒకే ఆండ్రాయిడ్ అని చెప్పి అమ్మే ఫోన్లు ఇన్ని రకాలుగా ఎందుకు నడుచుకుంటాయి? మన ఇళ్లలో ఫోన్ ఇప్పుడు నమాజ్ వేళ చెప్తుంది, గల్ఫ్‌లో ఉన్న కొడుకు మొహం చూపిస్తుంది, ఇంటి ఖర్చు డబ్బు తెస్తుంది. అలాంటి దాని తారీఖ్ కొంచెం తెలుసుకోవడం ఫైదానే.

కథ 2005లో మొదలవుతుంది. ఆండ్రాయిడ్ అనే చిన్న కంపెనీని ఆ ఏడాది గూగుల్ కొనేసింది. 2007 నవంబర్ 5న గూగుల్, హెచ్‌టీసీ, మోటరోలా, శాంసంగ్, ఎల్‌జీ వంటి 34 కంపెనీలు కలిసి ఒక కూటమి కట్టాయి. 2008లో హెచ్‌టీసీ చేసిన జీ1 మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌గా అమెరికాలో దుకాణాలకెక్కింది. అదే సమయంలో ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టారు. దానికి ఎంచుకున్న అపాచీ లైసెన్సులోనే ఈ మొత్తం కిస్సా బునియాద్ ఉంది. కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, ఎలాగైనా మార్చుకోవచ్చు, మార్చింది బయటపెట్టాల్సిన పని లేదు. ఒకే థాన్ గుడ్డ అందరికీ ముఫ్త్‌గా ఇచ్చి, ఎవరికి నచ్చినట్టు వాళ్లు కుట్టుకోండి అన్నట్టు.

కంపెనీలకు కుట్టుకోక తప్పని మజ్బూరీ కూడా ఉంది. అందరి ఫోన్‌లోనూ లోపల ఒకటే ఉంటే కొనేవాడు చూసేది ధరే. ధర మీద పోటీ అంటే మునాఫా మీద దెబ్బ. పైగా ఆ కొత్తలో అసల్ ఆండ్రాయిడ్ మరీ సాదాగా ఉండేది. జీ1లో తెరమీద కీబోర్డే లేదు, కింద జారే బటన్ల కీబోర్డ్ వాడాలి. తెరమీది కీబోర్డ్ 2009 ఏప్రిల్‌లో 1.5 వెర్షన్‌తో గానీ రాలేదు. అదే ఏడాది హెచ్‌టీసీ తన హీరో ఫోన్‌కు 'సెన్స్' తొడిగింది. పెద్ద గడియారం, దాని కింద మబ్బులూ ఎండా చూపించే వాతావరణం. మోటరోలా 'మోటోబ్లర్' తెచ్చింది. శాంసంగ్ అంతకుముందే తన సాధారణ ఫోన్లలో వాడుతున్న 'టచ్‌విజ్' పేరును 2010లో గెలాక్సీ ఎస్ మీదికి తెచ్చింది. తెల్ల గుడ్డ కన్నా జరీ పనే జనానికి నచ్చింది. 2011 జనవరికల్లా గెలాక్సీ ఎస్ ఫోన్లు కోటి అమ్ముడయ్యాయి.

ఆ జరీ బరువు ఏడాది తిరక్కముందే తెలిసింది.

2011 చివర్లో ఆండ్రాయిడ్ 4.0 వచ్చింది. డిసెంబర్‌లో శాంసంగ్ ఒక మాట చెప్పింది: గెలాక్సీ ఎస్‌కు ఆ అప్‌డేట్ ఇవ్వలేం, టచ్‌విజ్‌తో పాటు దాన్ని నడిపేంత ర్యామ్, మెమరీ ఆ ఫోన్‌లో లేవు. ఇక్కడే ఇంకో ఫోన్ గురించి చెప్పాలి. నెక్సస్ ఎస్. అదీ శాంసంగ్ చేసిందే. ప్రాసెసర్ అదే వేగం, ర్యామ్ అదే 512 ఎంబీ. గూగుల్ పేరు మీద అమ్మారు కాబట్టి టచ్‌విజ్ లేదు. దానికి మాత్రం 4.0 వచ్చింది. ఒకే తల్లి బిడ్డల్లాంటి రెండు ఫోన్లు. ఒకటి ముందుకెళ్లింది, ఇంకొకటి లిబాస్ బరువుకు అక్కడే ఆగిపోయింది. లిబాస్ తీసేసి అప్‌డేట్ ఇస్తాం అని ఎవరూ అనలేదు. డబ్బు కట్టి కొన్నవాడిని అడగనూ లేదు.

2013లో గెలాక్సీ ఎస్4 వచ్చింది. డబ్బా మీద 16 జీబీ. కొన్నవాడికి మిగిలింది సుమారు 9 జీబీ. మిగతాది శాంసంగ్ లిబాసూ, దానితో వచ్చిన యాపులూ ఆక్రమించేశాయి. బ్రిటన్‌లో బీబీసీ దాకా షికాయత్‌లు వెళ్లాయి. అదే ఏడాది గూగుల్ అదే ఎస్4ను లిబాస్ తీసేసి, సాదా ఆండ్రాయిడ్‌తో అమెరికాలో 649 డాలర్లకు అమ్మింది. సాదా ఫోన్ కావాలన్నవాడు పూర్తి ధర కట్టాల్సి వచ్చింది. ఆ ప్రయత్నం రెండేళ్లు కూడా నిలబడలేదు.

ఇంతవరకూ చదివితే అసల్ మంచిది, లిబాస్ చెడ్డది అనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే అనిపించేది. కానీ ఇన్సాఫ్‌గా మాట్లాడాలంటే రెండో వైపు కూడా చూడాలి.

రెండు సిమ్‌ల సంగతే తీసుకోండి. ఒక సిమ్ ఊరిది, ఒక సిమ్ సస్తా డేటాది. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లకైతే అక్కడిదొకటి, ఇక్కడిదొకటి. మన దేశంలో రెండు సిమ్‌లు లేని ఫోన్ అమ్మడమే కష్టం. అసల్ ఆండ్రాయిడ్‌లో దీనికి అధికారికంగా చోటు దొరికింది 2015 మార్చిలో, 5.1 వెర్షన్‌లో. అంతకుముందు మన జేబుల్లో ఉన్న రెండు సిమ్‌ల ఆండ్రాయిడ్ ఫోన్లన్నిట్లోనూ ఆ పని చేసింది కంపెనీల పైపొరే. కాలిఫోర్నియాలో కూర్చున్నవాళ్లకు ఒక మనిషికి రెండు నంబర్లు ఎందుకో తోచలేదు. మన బజార్‌లో ఫోన్ అమ్మేవాడికి తెలుసు.

ఒకే తెరమీద రెండు యాప్‌లు నడపడం శాంసంగ్ నోట్ ఫోన్లలో 2012లోనే ఉంది. అసల్ ఆండ్రాయిడ్‌కు అది 2016లో వచ్చింది. తెరమీద జరిగేది వీడియో తీయడం 2020 దాకా ఆగింది. పొడుగు పేజీని ఒకే స్క్రీన్‌షాట్‌గా తీయడం 2021లో వచ్చింది. కంపెనీల ఫోన్లలో ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్నవే. లిబాస్ కుట్టినవాళ్ల దగ్గర పని నేర్చుకునే అసల్ కూడా మెరుగుపడింది.

ఇక జబాన్ సంగతి. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఫోన్ కొన్న ప్రతిసారీ మొదటి పరీక్ష ఇదే: నా రెండు జబాన్లూ ఇందులో సరిగ్గా కనబడతాయా? పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అంటే వరసగా ఖాళీ డబ్బాలు. అసల్ ఆండ్రాయిడ్‌లోకి తెలుగు అక్షరాలు వచ్చింది 2012లో, 4.1 వెర్షన్‌తో. కుడి నుంచి ఎడమకు రాసే భాషలను సరిగ్గా చూపించే ఏర్పాటూ అరబ్బీ ఫాంటూ అందులోనే వచ్చాయి. మెనూలన్నీ తెలుగులో కనబడేది 2014లో 5.0 వచ్చాకే. శాంసంగ్ మాత్రం 2013లోనే తన ఫోన్లలో 9 భారతీయ భాషలు ఇస్తున్నామని చాటింది. అందులో తెలుగు ఉంది. ఉర్దూ లేదు.

ఉర్దూ కష్టం ఇంకాస్త లోతైనది. అక్షరాలు ఉంటే సరిపోదు, నస్తాలీఖ్ కావాలి. అక్షరం మీద అక్షరం వాలుతూ, పైనుంచి కిందికి ఏటవాలుగా జారే ఆ రాత మన కళ్లకు అలవాటు. అరబ్బీకి వాడే నస్ఖ్‌లో అక్షరాలన్నీ ఒకే గీత మీద నిలబడతాయి. యూనికోడ్ అక్షరానికి నంబర్ ఇస్తుంది గానీ అది ఏ రూపంలో కనబడాలో చెప్పదు. ఆ రూపం ఫాంట్ చేతిలో ఉంది. గూగుల్ తన నోటో ఫాంట్ల కుటుంబంలో నస్తాలీఖ్ ఫాంట్‌ను 2014లో విడుదల చేసింది. కానీ ఫాంట్ తయారవడం వేరు, చేతిలోని ఫోన్ దాన్ని వాడటం వేరు. అమ్మీకి వచ్చే ఉర్దూ మెసేజ్‌లు ఇప్పటికీ నస్ఖ్‌లోనే కనబడతాయి. "యే అపనా లిఖ్నా నై హై" అని కళ్లజోడు సర్దుకుంటుంది. ఫోన్ మొత్తానికి ఫాంట్ మార్చుకునే సౌకర్యం సాదా ఆండ్రాయిడ్‌లో లేదు. కొన్ని కంపెనీల లిబాస్‌లలో ఎప్పటినుంచో ఉంది. అలాంటి ఫోన్‌లో నస్తాలీఖ్ పెట్టుకుని చదువుకుంటున్న వాళ్లు నాకు తెలుసు. వాళ్లకు 'అసల్ మంచిది' అని చెప్పే ధైర్యం నాకు లేదు.

అయితే ఆ సౌకర్యానికి ధర ఎవరు కడుతున్నారు? దీనికి జవాబు షావోమీ కథలో దొరుకుతుంది. 2010లో బీజింగ్‌లో మొదలైన ఈ కంపెనీ ముందు ఫోన్ చేయలేదు, లిబాస్ కుట్టింది. ఆ ఏడాది ఆగస్టులో 'మీయూఐ' అనే పొరను వేరే కంపెనీల ఫోన్ల మీద వేసుకునేందుకు విడుదల చేసింది. సొంత ఫోన్ వచ్చింది ఏడాది తర్వాత. 2014లో మన దేశానికి వచ్చింది. 2015 ఆగస్టులో విశాఖపట్నంలో రెడ్‌మీ 2 ప్రైమ్‌ను చూపించారు. అప్పట్లో మన చిత్తూరు జిల్లాలో ఉన్న శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో తయారైన ఫోన్ అది. ఫోన్ మన దగ్గర తయారవుతోంది, పైపొర బీజింగ్‌లో తయారవుతోంది.

2018లో ఆ కంపెనీ పెద్ద లే జున్ ఒక వాదా చేశాడు: ఫోన్లూ ఇతర పరికరాల మీద మా నికర లాభం 5 శాతం దాటదు. వినడానికి గరీబులకు ఎహ్‌సాన్ లాగే ఉంటుంది. మరి కంపెనీ బతికేదెలా? ఇంటర్నెట్ సర్వీసుల ఆమ్దనీతో. అందులో ప్రకటనలు పెద్ద భాగం. అంటే సెట్టింగ్స్‌లో, ఫైళ్ల యాప్‌లో, పాటల యాప్‌లో కనబడే ప్రకటనలు పొరపాటున వచ్చినవి కావు. తక్కువ ధరకు ఫోన్ ఇచ్చినందుకు రోజుకింత వాయిదా వసూలు. తర్వాత ఈ దారిలో చాలామంది నడిచారు. ఫోన్ కొన్న రోజు ధర చూస్తాం, ఈ వాయిదా ఎవరూ రాసి చూపించరు. ఖురాన్ తిలావత్ వింటున్న ఫోన్ తాళం తెరమీద చూడకూడని బొమ్మ కనబడి, అమ్మీ ఫోన్ బోర్లా పెట్టేసిన రోజు నాకు ఇది అర్థమైంది.

లిబాస్ ఎవరిది అన్న పంచాయితీ ఒకసారి ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. 2014 డిసెంబర్‌లో వన్‌ప్లస్ తన మొదటి ఫోన్‌తో మన దేశానికి వచ్చింది. అందులో ఉన్నది సయనోజెన్ అనే కంపెనీ కుట్టిన ఆండ్రాయిడ్. అదే సాఫ్ట్‌వేర్ మీద భారత్‌లో హక్ మాకే ఇచ్చారని మైక్రోమ్యాక్స్ కోర్టుకెక్కింది. వన్‌ప్లస్ అమ్మకాలు కొద్దిరోజులు ఆగాయి, తర్వాత డివిజన్ బెంచ్ ఆ ఆంక్షను నిలిపేసింది. అరువు లిబాస్‌తో వీధిలోకి వెళ్తే ఏమవుతుందో వన్‌ప్లస్‌కు తెలిసొచ్చింది. 2015లో సొంతంగా 'ఆక్సిజన్ ఓఎస్' తెచ్చింది. దాదాపు సాదా ఆండ్రాయిడ్‌లా ఉంటుందనే దానికి పేరు. 2019లో హైదరాబాద్‌లో పరిశోధన కేంద్రం కూడా తెరిచారు. కానీ 2021లో ఆ పొరను ఒప్పో వాళ్ల 'కలర్ ఓఎస్' కోడ్‌తో కలిపేశారు. సాదాగా ఉందని ఇష్టపడి కొన్నవాళ్లు చాలామంది నారాజ్ అయ్యారు. లిబాస్ మార్చే అధికారం తొడుక్కున్నవాడి దగ్గర లేదు, కుట్టినవాడి దగ్గరే ఉంది.

సాదా ఆండ్రాయిడ్‌ను గరీబుల దాకా తేవాలని గూగుల్ చూడకపోలేదు. ఆ ప్రయోగం మొదలైంది మన దేశంలోనే. 2014 సెప్టెంబర్ 15న ఢిల్లీలో సుందర్ పిచాయ్ 'ఆండ్రాయిడ్ వన్' ప్రకటించాడు. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ మూడు ఫోన్లు తెచ్చాయి. ధర 6,399 రూపాయల నుంచి. పైపొర ఉండదు, అప్‌డేట్లు గూగుల్ చూసుకుంటుంది. మంచి ఆలోచనే. కానీ మొదట ఆన్‌లైన్‌లో మాత్రమే అమ్మడంతో మొహల్లా దుకాణ్‌దార్లకు కోపం వచ్చింది. ఆ ధరకే వేరే కంపెనీలు ఇంకా మంచి కెమెరా, పెద్ద తెర ఇచ్చాయి. అప్‌డేట్ డౌన్‌లోడ్ చేసుకోవాలంటే అప్పటికి డేటా ఖరీదు. 'మీ ఫోన్‌కు ఎల్లప్పుడూ అప్‌డేట్' అన్న మాట డేటా లెక్క చూసుకుని వాడే ఇంట్లో పెద్దగా పని చేయలేదు.

2017లో దీనికి రెండో జన్మ వచ్చింది. మీయూఐ కుట్టిన షావోమీయే 14,999 రూపాయలకు మీ ఏ1ను సాదా ఆండ్రాయిడ్‌తో అమ్మింది. కానీ అదే వరసలో వచ్చిన మీ ఏ3కి 2021 కొత్త సంవత్సరం వేళ ఆండ్రాయిడ్ 11 అప్‌డేట్ వస్తే, అది వేసుకున్న ఫోన్లు కొన్ని మళ్లీ వెలగనే లేదు. కంపెనీ ఆ అప్‌డేట్‌ను ఆపేయాల్సి వచ్చింది. సాదా అన్న మాట ఒక్కటే హిఫాజత్ ఇవ్వదని దానితో తెలిసింది.

అసలు అసల్ ఆండ్రాయిడ్ అంటే ఏమిటన్నదే ఇప్పుడు ప్రశ్న. తెరిచిపెట్టిన కోడ్‌ను ఉన్నదున్నట్టు ఎవరూ దుకాణంలో అమ్మరు. గూగుల్ సొంత పిక్సెల్ ఫోన్ 2016లో వచ్చింది. దాని మీద ఉన్నది కూడా గూగుల్ లిబాసే. ప్లే స్టోర్, మ్యాప్స్, జీమెయిల్ అన్నీ గూగుల్ సొంత ఆస్తి, తెరిచిన కోడ్‌లో భాగం కావు. అవి కావాలంటే కంపెనీలు గూగుల్ షరతులు ఒప్పుకోవాలి. ఆ షరతుల మీదే యూరప్ 2018లో 434 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2022 అక్టోబర్‌లో మన కాంపిటీషన్ కమిషన్ 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కాబట్టి ఇది సూఫీ సాదా కంబళికీ, నవాబుల జరీకీ మధ్య పోటీ కాదు. ఇద్దరు వ్యాపారుల మధ్య పోటీ.

వాళ్లిద్దరి మధ్య గోడ కొంచెం సర్దుకున్నది 2017లో. ఆండ్రాయిడ్ 8.0లో గూగుల్ ప్రాజెక్ట్ ట్రెబుల్ తెచ్చింది. చిప్పులను నడిపే భాగాన్ని మిగతా ఆండ్రాయిడ్ నుంచి విడదీసింది. అంటే కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మొత్తం విప్పి మళ్లీ కుట్టే పని తగ్గింది. ఫలితం మెల్లగా కనబడింది. పిక్సెల్ 8కి 2023లో గూగుల్ 7 ఏళ్ల అప్‌డేట్లు వాదా చేసింది. మరుసటి ఏడాది గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ అదే వాదా చేసింది. గెలాక్సీ ఎస్‌కు ఒక్క 4.0 ఇవ్వలేనన్న కంపెనీ ఇది. అయితే ఈ 7 ఏళ్లు ఖరీదైన ఫోన్లకు. మన ఇళ్లలో ఎక్కువగా కొనే సస్తా ఫోన్లకు వాదా అంత పొడుగు ఉండదు. కొనేముందు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు అని అడిగినట్టే, ఎన్నేళ్లు అప్‌డేట్ అని కూడా అడగండి.

మళ్లీ అమ్మీ ఫోన్ దగ్గరికి వస్తాను. నడవని యాప్‌ను నిద్రపుచ్చే ఏర్పాటు అసల్ ఆండ్రాయిడ్‌లో కూడా ఉంది, 2015 నుంచి. కానీ దానికి రాసిపెట్టిన ఖాయిదా ఉంది. యాప్ చేసేవాడు అది చదివి, అలారం లాంటి వాటికి దారి వదిలించుకోగలడు. కంపెనీలు దానిమీద వేసే తాళాలు వేరు. ఒక్కో కంపెనీది ఒక్కో రకం, ఒక్కో చోట. బ్యాటరీ రెండు రోజులు వస్తుందని డబ్బా మీద రాసుకోవడానికి పడే తిప్పలు అవి. ఆ రోజు ఇఫ్తార్ తర్వాత అరగంట వెతికాను. యాప్ దానంతటది మొదలవ్వడానికి ఒక స్విచ్, బ్యాటరీ ఆంక్ష తీసేయడానికి ఇంకొకటి, తాళం తెరమీద కనబడటానికి మూడోది. మూడూ మార్చాక మర్నాడు సహ్రీకి మోగింది. ఈద్ దాకా మోగింది.

షవ్వాల్‌లో ఫోన్‌కు ఒక అప్‌డేట్ వచ్చింది. మర్నాడు ఫజర్‌కు మళ్లీ నిశ్శబ్దం. చూస్తే ఆ మూడు స్విచ్‌లలో ఒకటి దానంతటదే మొదటికొచ్చింది. అమ్మీ ఏమీ అనలేదు. అల్మారీ మీదున్న, అబ్బా కాలంనాటి చావీ గడియారం దింపి, తుడిచి, చావీ ఇచ్చి తలగడ పక్కన పెట్టుకుంది. ఇప్పుడు రెండూ అక్కడే ఉంటాయి.